డేటాబేస్ సపోర్ట్ మానేసి డేటా సైన్స్ కోర్సులో చేరాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ చేసి, హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో డేటాబేస్ సపోర్ట్‌లో చేరింది. ఏం పని అని అడిగితే, ‘ఏ డేటాబేస్ కాపీ అవ్వాలో, ఏది అవ్వకూడదో రూల్స్ పెట్టడం నాన్నా’ అంటుంది. మా తోడల్లుడి కొడుకు డేటా సైన్స్‌లో ఉన్నాడు. సంబంధాల వాళ్లు అడిగితే ఏం చెప్పాలో మాకు తెలియడం లేదు. ఈ కాపీల పని మానిపించి అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సు చేయిద్దామనుకుంటున్నాం. రెండింటిలో ఏది మంచిది?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. కోర్సు పేరు మాత్రం మారుతుంది. ఒకప్పుడు శాప్, తర్వాత బిగ్ డేటా, ఇప్పుడు డేటా సైన్స్. మీరు అడిగింది కోర్సు గురించే అయినా మీ టెన్షన్ అది కాదు. పిల్ల చేసే పని నలుగురికీ చెప్పుకునేలా లేదని ఒక బాధ, రేపు ఆ పని ఉంటుందో ఊడుతుందో అని ఒక భయం. ముందు ఆ పనేమిటో చూద్దాం.

కంపెనీ అమ్మకాలు, జీతాలు, ఖాతాలు ఒకే సర్వర్‌లో ఉన్నాయనుకోండి. రిపోర్టులు తీసేవాళ్లకు వేరే సర్వర్ ఇస్తారు. మెయిన్ సర్వర్‌లో జరిగే మార్పులు దానికి ఎప్పటికప్పుడు చేరుతుంటాయి. దీన్నే రెప్లికేషన్ అంటారు, ఆ రెండో సర్వర్‌ని రెప్లికా అంటారు. జీతాల వివరాలు అటు వెళ్లకూడదు, అమ్మకాల్లో ఒక్క వరుస కూడా తప్పిపోకూడదు. ఆ ఫిల్టర్ రూల్ రాసేది మీ అమ్మాయి.

రూల్ ఒక్క లైనే. కానీ ఆ లైను ఎలా పనిచేస్తుందో తెలియాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ‘రెప్లికేట్-డూ-డీబీ’ అనే సెట్టింగ్‌తో సేల్స్ డేటాబేస్ ఒక్కటే తీసుకోమని చెప్పామనుకోండి. మెయిన్ సర్వర్ తన మార్పులు రాసుకునే లాగ్ స్టేట్‌మెంట్ పద్ధతిలో, అంటే ఇచ్చిన కమాండ్‌నే రాసుకుంటూ నడుస్తుంటే, మార్పు ఏ టేబుల్‌లో జరిగిందన్నది ఈ రూల్‌కి అక్కర్లేదు. ఆ కమాండ్ ఇచ్చినవాళ్లు అంతకుముందు ‘యూజ్’ అని ఏ డేటాబేస్‌ని ఎంచుకున్నారన్నదే చూస్తుంది. ఎవరో అకౌంట్స్‌ని ఎంచుకుని, అక్కడి నుంచే సేల్స్ టేబుల్‌ని అప్‌డేట్ చేశారనుకోండి, ఆ మార్పు రెప్లికాకి చేరదు. ఎర్రర్ రాదు. స్టేటస్‌లో అంతా నడుస్తున్నట్టే కనిపిస్తుంది, ఆలస్యం సున్నా అనే చూపిస్తుంది. ఎప్పుడో నెలాఖరు లెక్కలు కలవనప్పుడు బయటపడుతుంది. 5.7.7 వెర్షన్ నుంచి రో పద్ధతే, అంటే కమాండ్ బదులు మారిన వరుసలనే రాసుకోవడం, డిఫాల్ట్ అయింది కాబట్టి ఈ గొడవ తగ్గింది. పూర్తిగా పోలేదు. టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆల్టర్ టేబుల్ లాంటి కమాండ్లు ఇప్పటికీ స్టేట్‌మెంట్‌గానే వెళ్తాయి, వాటికి పాత పద్ధతే వర్తిస్తుంది.

ఇంకొకటి చూడండి. కాన్ఫిగ్ ఫైల్లో రెండు డేటాబేస్‌ల పేర్లు ఒకే లైన్లో కామా పెట్టి రాస్తే, కామాతో సహా అదంతా ఒకే పేరనుకుంటుంది సర్వర్. ఆ పేరుతో డేటాబేసే ఉండదు కాబట్టి రెండిట్లో ఏదీ కాపీ అవ్వదు. ఒక్కో పేరుకీ ఒక్కో లైన్ రాయాలి. అదే అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ సర్వీస్ ఆర్‌డీఎస్‌లో అయితే పేర్ల మధ్య కామానే పెట్టాలి. క్లౌడ్ వచ్చాక ఈ పనులన్నీ పోతాయని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, క్లౌడ్‌లోనూ ఈ రూల్ మనిషే ఆలోచించి పెట్టాలని వాళ్లకు చెప్పండి.

ఇక అసలు ప్రమాదం ‘బిన్‌లాగ్-డూ-డీబీ’తో. ఇది మెయిన్ సర్వర్ మీదే పెట్టే ఫిల్టర్. పెడితే మిగతా డేటాబేస్‌ల మార్పులు లాగ్‌లోనే పడవు. డిస్క్ పోయి, రాత్రి తీసిన బ్యాకప్ మీద ఈ మధ్యాహ్నం దాకా జరిగినవన్నీ తిరిగి ఎక్కించాలంటే, ఆ డేటాబేస్‌లకు ఎక్కించడానికి ఏమీ ఉండదు. అందుకే తెలిసినవాళ్లు ఫిల్టర్ వీలైనంతవరకు రెప్లికా వైపే పెడతారు. ఇలాంటి బాధ్యత ఉన్న పనిని మీరు ‘కాపీల పని’ అన్నారు. ఆ మాట అమ్మాయి ముందు కూడా అని ఉంటారు. తోడల్లుడి కొడుకు పేరు కూడా ఎత్తే ఉంటారు. దయచేసి మానేయండి. చేస్తున్న పని మీద గౌరవం పోయిన పిల్లలు ఏ కోర్సులో చేర్పించినా సగం మనసుతోనే చదువుతారు. సంబంధాల వాళ్లు అడిగితే డేటాబేస్ అడ్మినిస్ట్రేషన్‌లో ఉంది అని చెప్పండి. అది నిజం కూడా.

డేటా సైన్స్ చెడ్డదని నేను అనను. గణితం, స్టాటిస్టిక్స్ ఇష్టంగా చదివిన పిల్లలకు, పీజీ దాకా వెళ్లే ఓపిక ఉన్నవాళ్లకు అది మంచి దారి. నా అనుమానమంతా కొన్ని నెలల కోర్సు మీదే. టైటానిక్ ప్రయాణికుల జాబితా, ఐరిస్ పూల కొలతలు, ఇళ్ల ధరల అంచనా: బ్యాచ్‌లో అందరూ ఇవే ప్రాజెక్టులు చేస్తారు, అందరి రెజ్యూమేలోనూ ఇవే ఉంటాయి. డేటా శుభ్రంగా, ఒకే ఫైల్లో, సిద్ధంగా చేతికి వస్తుంది. ఆ డేటా ఎక్కడి నుంచి వచ్చింది, మధ్యలో ఏం తప్పిపోయింది అన్న ప్రశ్నే అక్కడ రాదు. ‘జాబ్ గ్యారంటీ’ అన్నచోట షరతులు రాతపూర్వకంగా అడగండి. లేని అనుభవం పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే పోయేది మీ అమ్మాయి ఉద్యోగమే, ఇన్‌స్టిట్యూట్‌కి ఏమీ కాదు.

పోలిక అడిగారు కాబట్టి ఒక్క మాట. చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి, ఫ్రెషర్ల వరుసలో మళ్లీ వెనక నిలబడటం నాకు నచ్చలేదు.

అయితే ఈ ఉద్యోగంలో ఒక నిజమైన ప్రమాదం ఉంది. పై వాళ్లు ఇచ్చిన స్టెప్పులు టైప్ చేసి, టికెట్ మూసేసే పనిలో ఇరుక్కుపోవడం. అలా రెండు మూడేళ్లు గడిస్తే ఇంటర్వ్యూలో ‘ఈ రూల్ ఎందుకు పెట్టారు’ అంటే నోరు పెగలదు. కాబట్టి అమ్మాయికి ఇది చెప్పండి. తన ల్యాప్‌టాప్‌లో డాకర్‌తో (ఒకే కంప్యూటర్‌లో వేర్వేరు సర్వర్లు నడిపే టూల్) రెండు మైఎస్‌క్యూఎల్ సర్వర్లు పెట్టుకోవాలి. ఫిల్టర్ పెట్టి, పైన చెప్పిన తప్పులన్నీ కావాలని చేసి చూడాలి. తేడాలు పట్టడానికి పెర్కోనా టూల్‌కిట్‌లోని చెక్‌సమ్ టూల్ నడపాలి. ఫిల్టర్లు కనిపిస్తే అది మామూలుగా పని చేయనంటుంది. ఎందుకంటుందో తెలుసుకోవడమే ఒక పాఠం. ఆ తర్వాత పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి వరుసల వారీగా, కాలమ్‌ల వారీగా కూడా ఫిల్టర్ చేయొచ్చు. కాలమ్ ఫిల్టర్‌ని భద్రత కోసం నమ్ముకోవద్దని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది, అది తప్పక చదవాలి. 2023లో మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఎవరి ఫోన్ నంబరు ఏ సర్వర్‌కి వెళ్లాలన్నది ఇక కంపెనీ ఇష్టం ఒక్కటే కాదు.

డేటా వైపు వెళ్లాలన్న కోరిక అమ్మాయికే ఉంటే, దారి ఇక్కడి నుంచే ఉంది. డెబీజియం అనే టూల్ ఇదే లాగ్‌ని చదివి, మార్పులను కాఫ్కా అనే డేటా స్ట్రీమింగ్ సిస్టమ్‌కి పంపుతుంది. దానికి రో పద్ధతి లాగ్ కావాలి, ఏ టేబుళ్లు తీసుకోవాలో జాబితా ఇవ్వొచ్చు. అంటే మీ అమ్మాయి ఇప్పుడు చేస్తున్నదే. దీనికి పైథాన్ తోడైతే డేటా ఇంజినీర్ ఉద్యోగాలకు ప్రయత్నించొచ్చు.

నైట్ షిఫ్టులు ఉంటే కంపెనీ క్యాబ్ ఇస్తుందా, షిఫ్టు ఎన్నాళ్లకు మారుతుంది అన్నవి మాత్రం తప్పకుండా అడగండి. అక్కడ తండ్రిగా మీ ఆందోళన న్యాయమే. కోర్సు ఫీజుకని పక్కన పెట్టిన డబ్బుతో 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కొనివ్వండి.