మడమ టెండన్ నొప్పికి బీపీసీ-157 వాడిన నా అనుభవం

ఆరు నెలలైనా తగ్గని అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమకు కలిపే గట్టి పట్టీ) నొప్పికి, గాయాలు మాన్పుతుందని చెప్పే బీపీసీ-157 అనే పెప్టైడ్ ఇంజెక్షన్లు తీసుకోవచ్చా అని మీరు అడిగారు. రెండేళ్ల క్రితం ఇదే నొప్పితో నేను వాటిని ఆరు వారాలు తీసుకున్నాను.

జిమ్‌లో పరిచయమైన ఒకరు తెప్పించి ఇచ్చిన గాజు సీసా అడుగున తెల్లటి పొడి పలుచగా అంటుకుని ఉండేది. దానిలో నీరు కలిపి ఇన్సులిన్ సిరంజితో పొట్ట మీది చర్మం కిందికి తీసుకునేవాణ్ణి. సీసా మీద 'పరిశోధనకు మాత్రమే, మనుషులు వాడరాదు' అని అచ్చువేసి ఉన్నా, అది అమ్మేవాళ్లు చట్టం కోసం రాసుకునే మాటేనంటే నమ్మాను. అందులో నిజంగా ఏముందో పరీక్షించి చెప్పినవారెవరూ లేరన్న సంగతి తరువాత తలచుకుంటే భయం వేసింది.

నొప్పి తగ్గిన మాట నిజం. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ పైన పట్టేసే బాధ మూడో నెలకు దాదాపు పోయింది. అయితే ఆ రోజుల్లోనే ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం కూడా చేస్తున్నాను: మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మడమను మెల్లగా కిందికి దించి, రెండో కాలి సాయంతో మళ్లీ పైకి లేవాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు విడతలు, కాస్త వంచి మరో మూడు విడతలు, రోజూ రెండు పూటలా, 12 వారాలు. స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ఈ పద్ధతిని 15 మందితో చేయించగా, అందరూ తిరిగి పరుగెత్తగలిగారు. కాబట్టి నా మడమ బాగుపడిన ఘనతను ఆ ఇంజెక్షన్‌కు నేను ఇవ్వలేను.

బీపీసీ-157 ఒక పెప్టైడ్, అంటే ప్రొటీన్ ముక్కలాంటి 15 అమైనో ఆమ్లాల గొలుసు. దీని మీద ఎక్కువ పరిశోధన జాగ్రెబ్‌లో ప్రెడ్రాగ్ సికిరిచ్ బృందం ఎలుకలపై చేసింది. అక్కడ అప్పటికప్పుడు కోసిన టెండన్ త్వరగా అతుక్కుంది కానీ, మీదీ నాదీ కోత కాదు, ఏళ్ల తరబడి ఒత్తిడితో పాడైన టెండన్. పైగా ఈ పెప్టైడ్ కొత్త రక్తనాళాలను పుట్టిస్తుందని గొప్పగా చెబుతారు. దీర్ఘకాలంగా నొప్పి పెట్టే టెండన్‌లోనేమో అలాంటి రక్తనాళాలు ముందే పుట్టుకొచ్చి ఉండటం, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగ్‌లో తరచూ కనిపిస్తుంది. కొత్త రక్తనాళాలు క్యాన్సర్ కణితికీ రక్తం అందించవచ్చు కాబట్టి, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చి ఉంటే ఈ గుణం గురించి మరింత ఆలోచించాలి.

మీరు పోటీల్లో ఆడేవారైతే, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022 నుంచి దీనిని నిషేధించింది. ముందుగా స్కానింగ్ తీయించి, టెండన్ చిరగలేదని డాక్టర్ చెబితే, ఆ మెట్టు వ్యాయామాన్ని పూర్తిగా 12 వారాలు చేయండి. నాకు మొదటి మూడు వారాలు నొప్పి పెరిగింది, నాలుగో వారం నుంచి తగ్గుముఖం పట్టింది.