బేస్‌బాల్‌లో బంతి దాచి ఔట్ చేయడం తొండి అవుతుందా?

మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నాను. మీ అబ్బాయి ఏడో తరగతి, స్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో సెకండ్ బేస్ దగ్గర ఆడతాడు. బేస్ మీద కాలున్నంతసేపు రన్నర్‌కు భయం లేదు, కాలు తీశాక బంతితో తాకితే ఔట్. కోచ్ నేర్పినట్టే మీవాడు బంతిని గ్లవ్‌లో దాచుకొని, అవతలి పిల్లవాడు బేస్ వదలగానే తాకించి ఔట్ చేశాడు. మీవాళ్లు గెలిచారు, ఆ పిల్లవాడు ఏడ్చుకుంటూ పోయాడు. ఇది తెలివా, తొండా అని అడిగారు.

నేను పాలమూరు జిల్లాలో పీఈటీని. పదేళ్లకు పైగా పిల్లలతో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆడిస్తున్నాను. ముందు మీ వాడిని ఒక్క మాట అడగండి: బంతి దాచినప్పుడు ఆ పిల్లవాడితో ఏమన్నా మాట్లాడావా? నా వరకు తేడా అంతా అక్కడే ఉంది. ఎందుకో చెప్తాను.

కొన్నేళ్ల కింద ఒక అండర్-14 మ్యాచ్. మాకు ఎదురుగా నల్లమల వైపు నుంచి వచ్చిన హాస్టల్ పిల్లలు. అప్పుడు మాకు రబ్బరు బేస్‌లు లేవు, ఇసుక నింపి కుట్టిన గోనె సంచులే బేస్‌లు. గ్లవ్‌లు రెండు టీమ్‌లకూ కలిపి ఒకటే సెట్. ఫీల్డింగ్ అయిపోయినవాళ్లు తీసి, దిగేవాళ్లకు ఇవ్వాలి. నాలుగో ఇన్నింగ్స్‌లో వాళ్లవి రెండు వికెట్లు, అదే, రెండు ఔట్లు పడ్డాయి. మాది ఒక్క పరుగు ఆధిక్యం. సెకండ్ బేస్ మీద ఒక బక్క పిల్లవాడు, పన్నెండేళ్లు ఉంటాయేమో.

మా షార్ట్‌స్టాప్‌కు, అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్‌కు, ముందు రోజే నేను ఒక ట్రిక్ నేర్పి పెట్టాను. వాడు బంతిని గ్లవ్‌లో పెట్టుకొని దగ్గరికి పోయి, "తమ్మీ, జర కాలు తియ్, బేస్ మీద మట్టున్నది, దులుపుత" అన్నాడు. "సరే అన్నా" అని ఆ పిల్లవాడు పక్కకు జరిగాడు. జరిగి ఊరుకోలేదు, తనే దులుపుదామని వంగాడు. చెయ్యి సంచికి తగలకముందే మావాడి గ్లవ్ వాడి వీపు మీద పడింది. ఆట ఆపమని "టైమ్" ఎవరూ అడగలేదు, బంతి ఆటలోనే ఉంది. అంపైర్ ఔట్ ఇచ్చాడు. మావాళ్లు గంతులేశారు. నేనూ చప్పట్లు కొట్టాను.

అది మూడో ఔట్, టీమ్‌లు మారాయి. వాళ్ల షార్ట్‌స్టాప్ కూడా ఆ పిల్లవాడే, కాబట్టి మావాడు గ్లవ్ తీసి వాడి చేతికే ఇచ్చాడు. వాడు తీసుకొని, చెయ్యి పెట్టే ముందు దాన్ని తిప్పి లోపల ఒకసారి చూసుకున్నాడు. అది చూశాక నా చప్పట్లు నాకే సిగ్గనిపించాయి. మ్యాచ్ అయ్యాక వాళ్ల సార్, నాకన్నా పెద్దాయన, నా దగ్గరికొచ్చి ఒక్కటే అన్నాడు: "మావాడు మీవాణ్ణి అన్నా అన్నడు సార్, మీరు విన్నరా?"

దాని ఫలితం మా గ్రౌండ్‌లోనే కనబడింది. మరుసటి వారం ప్రాక్టీస్‌లో మావాళ్లు ఒకరి మీద ఒకరు అదే ట్రిక్ మొదలుపెట్టారు. లేసు ఊడిందంటాడు ఒకడు, సార్ పిలుస్తున్నాడంటాడు ఇంకొకడు. ఒక రోజు థర్డ్ బేస్ దగ్గర ఒకడికి నిజంగానే కాలు మడతపడింది. "టైమ్, టైమ్" అని అరుస్తుంటే ఎవరూ కదల్లేదు. అందరూ బంతి ఎవరి దగ్గరుందా అని చూస్తున్నారు. నేను పరుగెత్తి వెళ్లేసరికి చీలమండ వాచిపోయింది.

అప్పటి నుంచి నేను పిల్లలకు చెప్పే లెక్క మన ఊరి ఆటల నుంచే తీసుకున్నాను. కబడ్డీలో రైడర్ ఎడమకు పోతున్నట్టు చూపించి కుడివైపు వాడిని తాకితే ఎవరూ తొండి అనరు, ఈలలు వేస్తారు. అదే కూత మధ్యలో ఊపిరి తీసుకొని తీసుకోలేదంటే తొండి. చిర్రగోనె (గిల్లీదండ)లో కొలత తప్పు చెప్పినా తొండే. కన్ను మోసపోతే అది ఆట. మాటను నమ్మినందుకు ఓడిపోతే అది ఆట కాదు.

బేస్‌బాల్ నిండా కంటిని మోసం చేసే విద్యలే ఉన్నాయి. పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి వేసేవాడు, వేసే చేంజప్ అలాంటిదే. చెయ్యి వేగంగా తిరుగుతుంది, బంతి మాత్రం నెమ్మదిగా వస్తుంది. బంట్ చేసేలా, అంటే బంతిని మెల్లగా తట్టేలా, బ్యాట్ పట్టి చివరి క్షణంలో వెనక్కి లాగి కొట్టడం ఇంకొకటి. ఇవన్నీ పిల్లలకు నేర్పాల్సినవే. బంతి దాచడాన్ని కూడా రూల్ ఒప్పుకుంటుంది, కానీ హద్దు పెట్టింది: బంతి చేతిలో లేకుండా పిచ్చర్ తాను బంతి వేసే చోట ఉండే రబ్బరు పలక మీద నిలబడితే అది బాల్క్ అనే తప్పు, రన్నర్లంతా ఒక్కో బేస్ ముందుకు పోతారు. అంటే రన్నర్ చూస్తే పట్టుకోగలిగేలా ఒక గుర్తు బయట ఉండాలి. ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్ కూడా ఇలాంటిదే. రన్నర్లు బేస్‌ల మీద ఉన్నప్పుడు తేలికైన క్యాచ్‌ను కావాలని వదిలేసి, క్యాచ్ పడతారనుకొని బేస్‌ల దగ్గరే ఆగిన రన్నర్లలో ఇద్దరిని ఔట్ చేస్తారని, బంతి గాలిలో ఉండగానే బ్యాటర్‌ను ఔట్‌గా ప్రకటిస్తారు. అమెరికా హైస్కూల్ రూల్స్‌లో బంతి లేకుండా ట్యాగ్ చేస్తున్నట్టు (బంతితో తాకిస్తున్నట్టు) నటించడం కూడా నిషేధం. లేని బంతికి భయపడి పిల్లలు ఆలస్యంగా స్లైడ్ చేసి (బేస్‌కేసి నేల మీద జారి) దెబ్బలు తగిలించుకుంటారు మరి. క్రికెట్‌లోనూ 2017 నుంచి, బంతి చేతిలో లేకుండా విసిరినట్టు నటిస్తే 5 పరుగుల పెనాల్టీ ఉంది.

పెద్దల సంగతి వేరు. 1982లో అమెరికా కాలేజీ వరల్డ్ సిరీస్‌లో మయామీ జట్టు ఫస్ట్ బేస్‌కు విసిరినట్టు నటించి, బంతి దాటిపోయినట్టే అందరూ పరుగెత్తి, విచిటా స్టేట్ రన్నర్‌ను సెకండ్ బేస్ దగ్గర ఔట్ చేసింది. బంతి పిచ్చర్ దగ్గరే ఉంది. నాకు అది నచ్చుతుంది. అక్కడ మోసపోయింది ఏళ్ల తరబడి ఆట నేర్చిన యువకుడు. మన దగ్గర ఆట మొదలుపెట్టి నాలుగు నెలలు కాని పిల్లలు ఉంటారు, వాళ్లకు టైమ్ ఎప్పుడు ఉందో, ఎప్పుడు లేదో కూడా సరిగ్గా తెలియదు.

కాబట్టి కోచ్‌తో పోట్లాడకండి. బంతి దాచడం నేర్పేముందు, దాని నుంచి తప్పించుకోవడం నేర్పారా అని అడగండి. నేనిప్పుడు మొదట అదే నేర్పుతాను: బంతి ఎవరి చేతిలో ఉందో కళ్లతో చూసేదాకా బేస్ మీది కాలు తీయొద్దు, ఎవరు చెప్పినా సరే, అంపైర్ టైమ్ అంటేనే. ఇది వచ్చినవాడిని దాచిన బంతితో ఔట్ చేయడం చాలా కష్టం.

మీ వాడు నోరు విప్పకుండా బంతి దాచుకొని ఉంటే తప్పేమీ లేదు. మళ్లీ కలిసినప్పుడు చెయ్యి కలిపితే చాలు. ఏదైనా అబద్ధం చెప్పి కాలు తీయించి ఉంటే మాత్రం ఈ వారమే వెంటబెట్టుకొని పోయి, ఆ పిల్లవాడితో మాట్లాడించండి. నేను ఆ పని చేయలేదు, వచ్చే ఏడు సెలక్షన్లలో ఎలాగూ కలుస్తాడు కదా అనుకున్నాను. రెండేళ్లు చూశాను. హాస్టల్ టీమ్ వచ్చింది గానీ ఆ పిల్లవాడు రాలేదు.