చెరువు చుట్టూ ట్రాక్: సైకిళ్లకు స్పీడ్ బ్రేకర్లు వెయ్యాలా?

మూడు మీటర్ల ట్రాక్‌లో సైకిళ్లు నడిచేవాళ్లకి తగులుతున్నాయి, కమిటీ వాళ్లు యాభై మీటర్లకో స్పీడ్ బ్రేకర్ అంటున్నారు, ఏం చెయ్యమంటారు అని అడిగారు. స్పీడ్ బ్రేకర్లు మాత్రం వద్దండి. వేగంగా వచ్చేవాడు వాటి పక్కనున్న మట్టి మీదుగా తప్పించుకుపోతాడు. తెల్లవారుజామున చీకట్లో వాటికి తట్టుకుని పడేది పెద్దవాళ్లు.

ముందు మలుపులు చూడండి. 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిల్, మనిషి కనిపించాక బ్రేక్ పట్టేలోపే పది మీటర్లు వచ్చేస్తుంది. పట్టాక ఆగడానికి ఇంకో ఎనిమిది. అదే 15 కిలోమీటర్లయితే మొత్తం తొమ్మిది మీటర్లలో ఆగిపోతుంది. అందుకే 15 అని బోర్డు పెట్టండి. కానీ బోర్డుని నమ్ముకోకండి. ప్రతి మలుపులోనూ సైకిల్ మీద కూర్చున్న ఎత్తు నుంచి చూస్తే కనీసం ఇరవై మీటర్లు కనపడేలా లోపలి వైపు పొదలు కొట్టించాలి. వానాకాలంలో నెలకోసారి కొట్టించకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. కొమ్మలు రెండున్నర మీటర్ల ఎత్తు కంటే కిందకి వేలాడకూడదు. మధ్య గీత ట్రాక్ అంతా అక్కర్లేదు, మలుపుల్లో గీస్తే చాలు. మామూలు రోడ్డు పెయింట్ తడిస్తే జారుతుంది కాబట్టి ఆరకముందే సన్న ఇసుక చల్లించండి.

గేటు దగ్గర స్తంభాల విషయంలో చాలాచోట్ల తప్పు చేస్తారు. రెండు పాతితే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆ మధ్య సందులోకే దూరి ఎదురెదురుగా గుద్దుకుంటారు. ఒకటే పాతండి, ట్రాక్ మధ్యలో, అటూ ఇటూ దాదాపు మీటరున్నర వదిలి. మీటరు ఎత్తు, పైన రిఫ్లెక్టర్ టేపు. తాళంతో ఊడదీసేదిగా ఉండాలి, తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉండాలి, లేకపోతే 108 బండి లోపలికి రాలేదు. ఒక మాట: స్తంభం కార్లనే ఆపుతుంది. వీల్‌చైర్ పట్టే సందులో బైకు హాయిగా పడుతుంది. బైకుల్ని ఆపాలంటే గేటు దగ్గర మనిషే ఉండాలి.

ముఖ్యమైన నియమాలు మూడు: అందరూ ఎడమ పక్క, దాటేది కుడి నుంచి, పక్కపక్కన ఇద్దరికి మించి నడవొద్దు. ముగ్గురు నడిస్తే మూడు మీటర్లలో సైకిల్‌కి చోటుండదు. బెల్లు ఇరవై మీటర్ల ముందే కొట్టాలి. వెనకే వచ్చి కొడితే మనిషి ఉలిక్కిపడి ఏ పక్కకైనా దూకుతాడు, సగం దెబ్బలు అక్కడే. ఇయర్‌ఫోన్ ఒక చెవికే. కుక్క తాడు రెండు మీటర్లలోపు. సాగే తాళ్లు అసలు వద్దు, సన్నగా ట్రాక్‌కి అడ్డంగా సాగితే సైకిల్ వాడికి కనపడవు. వీధికుక్కలకి అన్నం పెట్టేవాళ్లని తిట్టకండి, ట్రాక్‌కి దూరంగా ఒక చోటు చూపించండి. కుక్క వెంటపడితే సైకిల్ వేగంగా తొక్కి పారిపోకూడదు. దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని మెల్లగా నడవాలి.

డ్రెయిన్ జాలీలు ఒకసారి వంగి చూడండి. కమ్మీలు చక్రం వెళ్లే దిశలో ఉంటే సన్న టైరు అందులో దిగి మనిషి ముందుకు పల్టీ కొడతాడు. అడ్డంగా తిప్పించండి. నీడ ఉన్నచోట వర్షాలకి పాచి పడుతుంది, బ్లీచింగ్ చల్లి గట్టి బ్రష్‌తో తోమించాలి. కడిగిన నీళ్లు చెరువులోకి పోకుండా చూడండి.

సైకిల్ ప్రాక్టీసు చేసేవాళ్లకి మీ ట్రాక్ సరిపోదని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు ఉంది, వెడల్పు నాలుగున్నర మీటర్లు. వాళ్లని అటు పంపండి. కుదరకపోతే పొద్దున ఆరులోపు టైమ్ ఇవ్వండి, ఆ తర్వాత పిల్లల సైకిళ్లు, నిదానంగా తొక్కేవాళ్లు.

ప్రతి వంద మీటర్లకీ నేల మీద నంబరు రాయించి, గార్డు దగ్గర ఒక పుస్తకం పెట్టండి. ఏ నంబరు దగ్గర, ఎన్ని గంటలకి, ఎవరెటు నుంచి వస్తూ తగిలారో రాయాలి, తగలబోయి తప్పినవి కూడా. రెండు నెలల్లో ఒకే నంబరు మూడుసార్లు వస్తే, కమిటీని ఆ చోటుకే తీసుకెళ్లి నిలబెట్టండి.