హగి గిన్నెలు కొంటానన్న చిట్టికి

చిట్టీ,

జపాన్‌లోని యమగుచిలో నీకు ఉద్యోగం వచ్చిందని, వెళ్ళగానే వంటింటి నిండా అక్కడి హగి ఊరి మట్టి గిన్నెలే కొంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఉద్యోగానికి ఎంత గర్వంగా ఉందో, గిన్నెల మాటకి అంత టెన్షన్ పట్టుకుంది.

రోజూ అన్నానికీ కూరకీ అరిత ఊరి పింగాణీ కొనుక్కో. పసుపు, నూనె తోమితే పోతాయి. అంతే.

హగి అలా కాదు. ఆ మట్టి నీళ్ళు పీలుస్తుంది, పైపూతలో సన్నని పగుళ్ళుంటాయి. ఏళ్ళ తరబడి టీ తాగితే అది వాటిలోకి దిగి రంగు మెల్లగా మారుతుంది. అక్కడివాళ్ళు దాన్నే అపురూపంగా చూసుకుంటారు.

మీ పెదనాన్న ఏం చేశారో తెలుసా? మేం అక్కడున్నప్పుడు ఒక ముసలాయన దగ్గర బేరం కూడా ఆడకుండా కొన్న హగి గిన్నె అది. తెచ్చిన రోజే, నానబెట్టకుండా, మామిడికాయ పప్పు పోసేశారు. తిని రాత్రంతా సింకులో వదిలేశారు. తెల్లారేసరికి పగుళ్ళన్నీ పసుపు గీతలు! నేను లేచేలోపే కంగారుగా బ్లీచులో ముంచారు. ఎండలో పెడితే పసుపు చాలావరకు పోయింది కానీ, బ్లీచు వాసన మట్టిలోకి దిగి ఉండిపోయింది. మళ్ళీ అందులో టీ తాగలేకపోయాం.

అందుకే కొత్త గిన్నెని బియ్యం కడిగిన చల్లటి నీళ్ళలో ఉంచి, సన్నమంట మీద కాచి, ఆ నీళ్ళలోనే చల్లారనివ్వు. గంజి సన్నరంధ్రాల్ని పూడుస్తుంది. తర్వాత వాడబోయే ప్రతిసారీ కాసేపు మామూలు నీళ్ళలో నానబెట్టు. మైక్రోవేవ్‌లో పెట్టావంటే ఊరుకోను. జూన్ వానల్లో పూర్తిగా ఆరకుండా బీరువాలో పెడితే బూజు పడుతుంది.

1592లో జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీద దండెత్తాడు. ఆ యుద్ధాల్లో ఎందరో కొరియా కుమ్మరుల్ని జపాన్ తీసుకెళ్ళారు. హగిలో ఆ ప్రాంతాన్ని ఏలిన మోరి ప్రభువుల కోసం బట్టీ పెట్టింది అలా వెళ్ళిన అన్నదమ్ములే. అరితలో 1616లో పింగాణీ మట్టి కనిపెట్టాడని చెప్పే రి సాంపే కూడా కొరియావాడే. ఆ గిన్నెలు పట్టుకుంటే ఊరు వదిలిన వాళ్ళే గుర్తొస్తారు నాకు. నువ్వు మాత్రం ఏడాదికోసారైనా రావాలి తల్లీ.

అక్కడ సెట్టంటే మామూలుగా ఐదు. ఇప్పుడే సెట్టు వద్దు. నీ అరచేతిలో బాగా ఇమిడే టీ కప్పు ఒక్కటి కొను. రెండోది నేను వచ్చాక ఇద్దరం వెళ్ళి ఎంచుదాం.

మీ పెద్దమ్మ