మీ నాన్న భుజం జాగ్రత్త

నాయనా,

ఉద్యోగానికి సెలవు పెట్టి బెంగళూరు నుంచి వచ్చేస్తున్నావని, పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయిన మీ నాన్నను అనంతపురం ఇంట్లో నువ్వే చూసుకుంటావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వినగానే కడుపు నిండింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

బీపీ మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. మళ్లీ మూతి వంకర పోయినా, మాట తడబడినా నాటుమందుల కోసం తిరగకుండా 108కి ఫోన్ చెయ్యి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయమంతా ఆ కుడి భుజం గురించి.

మీ మామకు పక్షవాతం వచ్చినప్పుడు చెయ్యి మెత్తగా వేలాడేది, నొప్పి మాత్రం లేదు. కదిలించకపోతే బిగుసుకుపోతుందని మా మరిది ఎండిపోయిన బావి గిలక తెచ్చి వరండా దూలానికి కట్టాడు. తాడు రెండు కొసలూ రెండు చేతులకు. మంచి చేత్తో లాగితే పడిపోయిన చెయ్యి పైకి లేచేది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. చెయ్యి లేస్తోందని ఆయన కూడా పూటపూటా పట్టుదలగా లాగేవాడు. కొన్నాళ్లకు భుజంలో పోటు మొదలైంది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిల్లలేడు, చొక్కా తొడగనివ్వడు. చివరికి చెయ్యి తాకితేనే అరిచేవాడు. అది మోచెయ్యి మడిచి ఛాతీకి అతుక్కుపోయింది.

తర్వాత ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పింది. భుజం గుంత లోతు తక్కువట, ఎముకను అందులో పట్టి ఉంచేది చుట్టూ ఉన్న కండరాలేనట. వాటికి సత్తువ పోతే చెయ్యి బరువుకే కీలు జారుతుంది. చెయ్యి పైకి లేవాలంటే వీపు మీది రెక్క ఎముక కూడా తిరగాలి. అది తిరగకుండా తాడుతో లాగితే లోపల నలిగిపోతుంది. వేళ్లలో కదలిక రావాల్సిన తొలి నెలలన్నీ ఆ నొప్పికే పోయాయి.

అందుకే చెబుతున్నా, చెయ్యి పట్టి లేపొద్దు, చంకలో చెయ్యి వేసి ఎత్తొద్దు. పలకరించడానికి వచ్చినవాళ్లు ముందు చేసేది అదే. మొహమాటపడకుండా వద్దని చెప్పు. కూర్చున్నప్పుడు ముంజేతి కింద దిండు పెట్టు. మెడకు కట్టే పట్టీ నిలబడ్డప్పుడూ నడిచేటప్పుడూ చాలు, రోజంతా ఉంచితే చెయ్యి మడిచినట్టే బిగుసుకుంటుంది. చొక్కా తొడిగేటప్పుడు ముందు ఆ చెయ్యి, విప్పేటప్పుడు ఆఖర్న. వేడినీళ్ల బ్యాగు వద్దు, స్పర్శ సరిగా లేకపోతే చర్మం కాలినా తెలియదు. చెయ్యి వాచి వేళ్లు మంట అంటే ఆ రోజే డాక్టరుకు చూపించు.

మీ నాన్న నొప్పి చెప్పే రకం కాదురా. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడి చెయ్యి విరిగితే, మా అమ్మకు తెలియకూడదని దాచుకుని ఎడమ చేత్తో అన్నం తింటూ దొరికిపోయాడు. ఇప్పుడూ అడిగితే ఏం లేదనే అంటాడు. నువ్వు చొక్కా తొడిగేటప్పుడు ఆ ముఖం చూడు, తెలుస్తుంది. వేళ్లు కాస్త కదిలాక చెనిక్కాయలు ముందు పెట్టి ఒలవమను. వ్యాయామం అంటే విసుక్కుంటాడు గానీ ఆ పని కాదనడు.

నువ్వు కూడా వేళకు తిను. ఈ నెలాఖరుకు నేను వస్తున్నా. ఉన్నన్నాళ్లూ రాత్రిపూట మీ నాన్న దగ్గర నేను పడుకుంటా, నువ్వు నిద్రపో.

మీ అత్త