వాడు నీకు చెప్పాడు కదా, ఇక నువ్వు చెయ్యాల్సినవి

అమ్మడూ,

నీ వాయిస్ మెసేజ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విన్నా. మీ పెదనాన్నకి చెప్పలేదు, ఎందుకో తర్వాత చెప్తా. మన మోర్మన్ చర్చి తరఫున మత ప్రచారానికి, అదే మిషన్‌కి, వెళ్ళొచ్చి నెల తిరక్కుండానే మీ వాడు వంటింటి గుమ్మంలో నిలబడి "అమ్మా, నాకు అమ్మాయిల మీద ఆ ఇష్టం కలగదు, అబ్బాయిల మీదే" అన్నాడని, నువ్వు స్టవ్ కూడా ఆపకుండా ఏడ్చేశావని చెప్పావు. నాకు 2014లో కార్లో అయింది ఈ ముచ్చట, మన చర్చి ముఖ్య కార్యాలయం ఉన్న ఈ సాల్ట్ లేక్‌లో మంచు పడుతోంది, మా వాడు కూడా రెండేళ్ళు మిషన్ చేసొచ్చినవాడే, నేనేమో "పరలోక తండ్రిని అడుగుదాం నాన్నా, ఆయనే తీసేస్తాడు" అన్నా. వాడు అద్దంలోంచి బయటికి చూస్తూ "పద్నాలుగో ఏటి నుంచీ అడుగుతూనే ఉన్నానమ్మా" అన్నాడు.

అందుకని నీకు మొదట చెప్పేది ఇదే, వాడికి ప్రార్థన చెయ్యమని చెప్పకు. మీ వాడు నీకంటే ఎక్కువ ఉపవాసాలు ఉండుంటాడు, ఏడ్చి ఏడ్చి అలిసిపోయాకే నీ దగ్గరికి వచ్చుంటాడు. నువ్వు ప్రార్థన చేసుకో, మానద్దు, కానీ నీ గదిలో చేసుకో.

రెండోది ఎవరికీ చెప్పకు. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. రిలీఫ్ సొసైటీలో, అదే చర్చి ఆడవాళ్ళ సంఘంలో, ఇద్దరు సిస్టర్స్‌కి, ప్రార్థన కోసమే కదా అని, చెవిలో చెప్పాను. వారం తిరిగేసరికి వార్డ్, అంటే మా చర్చి సంఘం, మొత్తానికి తెలిసిపోయింది, ఒకావిడైతే మా ఇంటికి ఫ్యునరల్ పొటాటోస్ చేసి తెచ్చింది, అంటే ఇక్కడ యూటాలో చావింటికి చీజ్ వేసి చేసుకెళ్ళే బంగాళాదుంపల వంటకం, ఆమెది మంచి మనసే, కానీ మా వాడు డైనింగ్ టేబుల్ మీద ఆ గిన్నె చూసి "ఎవరు పోయారు?" అనడిగాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మ ఊరికే అనేది కాదు. నెలలో మొదటి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు కూడా "మా ఇంట్లో ఒక శ్రమ ఉంది" అని ఏడవకు, మన హైదరాబాద్‌లో వార్డ్ అంటే అందరూ బంధువుల్లాంటివాళ్ళే, లెక్క కట్టేస్తారు.

మీ అత్తగారికి తెలిస్తే పెళ్ళి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయి అంటారు చూడు, ఆ మాట మన ఊళ్ళల్లోనే అనుకోకు, ఇక్కడా ఒకప్పుడు వార్డ్‌ని నడిపే బిషప్‌లు అదే చెప్పేవాళ్ళు, ఎంతమంది ఆడపిల్లలు దానికి బలయ్యారో ఈ దేశంలో. 1987లో చర్చి పెద్దల్లో ఒకరైన హింక్లీ గారు చర్చి కాన్ఫరెన్స్‌లోనే చెప్పారు, పెళ్ళిని దీనికి వైద్యంలా వాడకూడదని. కాబట్టి ఆవిడ సంబంధం తెస్తే నువ్వే అడ్డుపడాలి, వాడు మొహమాటానికి ఒప్పుకున్నా సరే. ఆ వచ్చే పిల్ల కూడా ఎవరో ఒకరి బిడ్డే కదా.

అలాగే "మార్చేస్తాం" అనే కౌన్సిలర్ల దగ్గరికి తీసుకెళ్ళకు. 1970లలో మన చర్చి యూనివర్సిటీ బీవైయూలోనే కరెంటు షాకులు పెట్టి చూశారు, నాకు ఇది చదివినప్పుడు రెండ్రోజులు అన్నం సయించలేదు. 2020లో యూటా రాష్ట్రమే మైనర్లకి ఆ థెరపీ చెయ్యకూడదని రూల్ పెట్టింది. వాడికి నిద్ర లేకపోయినా, తిండి మానేసినా మంచి సైకియాట్రిస్ట్‌కి చూపించు, అది వేరు.

ఇక బిషప్ సంగతి. ఫీలింగ్ ఉండడం పాపం కాదని చర్చే చెబుతోంది, పవిత్రత నియమం నడవడిక గురించి, కాబట్టి వాడు ఏ తప్పూ చెయ్యనప్పుడు బిషప్ దగ్గర ఒప్పుకోడానికి ఏముంది? వాడికి వెళ్ళాలనిపిస్తే వెళ్తాడు, లేకపోతే లేదు. బిషప్‌లు ఇంటర్వ్యూల్లో తలుపేసుకుని పిల్లల్ని ఆ విషయాలు గుచ్చి గుచ్చి అడగడం మీద 2018లో ఇక్కడ నిరసన ఊరేగింపు కూడా జరిగింది, ఆ ఏడే కావాలంటే పెద్దవాళ్ళొకరు పక్కన కూర్చోవచ్చని రూల్ మార్చారు. మీ వాడు పెద్దవాడే అనుకో, అయినా "నేను రానా?" అని ఒక్కసారి అడుగు, వద్దంటే బయట కుర్చీలో కూర్చో.

నువ్వడిగావు కదా, చర్చి ఎప్పటికైనా మారుతుందా పెద్దమ్మా అని. చూడమ్మా, మారడం మనకి కొత్తకాదు. బహుభార్యాత్వం దేవుడి ఆజ్ఞ అని చెప్పి దానికోసం జైళ్ళకి కూడా వెళ్ళినవాళ్ళు, 1890లో అప్పటి చర్చి అధ్యక్షుడు ఉడ్రఫ్ గారి మానిఫెస్టోతో ఆపేశారు, మళ్ళీ దాని గురించి చెప్పే ఆ 132వ సెక్షన్ మాత్రం మన గ్రంథంలో అలాగే ఉంది. 1978 దాకా నల్లవాళ్ళకి యాజకత్వం లేదు, కింబల్ గారు అధ్యక్షుడిగా ఉన్న కాలంలో ఇచ్చారు. ఇవన్నీ చూపించి నేను మా వాడికి "ఆగు నాన్నా, ఇదీ మారుతుంది" అని చెప్తూ ఉండేదాన్ని. తర్వాత 2015 నవంబర్ వచ్చింది. అబ్బాయీ అబ్బాయీ పెళ్ళి చేసుకుంటే మతభ్రష్టులని, వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి 18 ఏళ్ళు నిండేదాకా బాప్తిస్మం లేదని పాలసీ పెట్టారు. ఆ రాత్రి మా వాడు ఫోన్ చేసి "ఆగమన్నావు కదమ్మా" అని ఒక్క మాట అన్నాడు. 2019 ఏప్రిల్‌లో దాన్ని తీసేశారు, మూడున్నరేళ్ళు కూడా నిండలేదు, కానీ మా వాడు అప్పటికే చర్చి లెక్కల్లోంచి పేరు తీయించుకుని సియాటిల్ వెళ్ళిపోయాడు. 2020లోనూ అంతే, బీవైయూ విద్యార్థుల నియమాలు, అదే ఆనర్ కోడ్‌లోంచి, ఇలాంటి సంబంధాలు కూడదనే పేరా తీసేశారని ఫిబ్రవరిలో పిల్లలు క్యాంపస్‌లో సంబరాలు చేసుకున్నారు, మార్చిలో వచ్చిన ఉత్తరం, అబ్బే మీరనుకున్నట్టు కాదు అంది. అలాగని అంతా వెనక్కే అనను, 2022లో ఇలాంటి పెళ్ళిళ్ళని కాపాడే ఫెడరల్ చట్టాన్ని, మత స్వేచ్ఛకి రక్షణలు పెట్టారు కాబట్టి, చర్చి సమర్థించింది, గుడిలో సీలింగ్, అంటే నిత్యత్వానికి కలిపే పెళ్ళి, మాత్రం ఆడా మగకే. 2012లో మన హైదరాబాద్‌లో దేశం మొత్తానికి మొదటి స్టేక్, అంటే కొన్ని వార్డ్‌ల కూటమి, పెట్టడానికి వచ్చిన ఓక్స్ గారు గుర్తున్నారా, మీరంతా ఫోటోలు పంపారు, ఆయనే ఇప్పుడు ప్రవక్త, అంటే చర్చి అధ్యక్షుడు, పెళ్ళంటే ఆడా మగకే అనే 1995 కుటుంబ ప్రకటన మీద ఆయన ఎంత గట్టిగా నిలబడతారో అందరికీ తెలుసు. కాబట్టి కళ్ళల్లో ఒత్తులు వేసుకుని సాల్ట్ లేక్ వైపు చూడమని వాడికి చెప్పకు. ఆశ పెట్టుకోవాలంటే నువ్వు పెట్టుకో, వాడి నెత్తిన పెట్టకు.

మరి నువ్వెలా నమ్ముతున్నావు పెద్దమ్మా అంటావు. నేను నమ్ముతున్నాను, అంతే. చర్చి వద్దంటుందని కాఫీ మానేసిన రోజు మా అత్తగారు ఇంట్లో పీనుగ లేచినట్టు చూశారు, అయినా మానేశాను, ఇప్పటికీ గుడికి వెళ్తున్నాను. అక్కడ కూర్చున్నప్పుడు నాకు దొరికే నెమ్మది అబద్ధమని ఎవరైనా అంటే ఒప్పుకోను. మా అబ్బాయి తప్పుడు మనిషి అన్నా ఒప్పుకోను. ఈ రెండూ ఎలా కలుస్తాయని అడిగితే నా దగ్గర జవాబు లేదు, పదేళ్ళుగా రెండూ ఒకే ఇంట్లో ఉంటున్నాయి. వాడి కోసం నువ్వు నమ్మకం వదిలెయ్యక్కర్లేదు, అలా వదిలేస్తే ఆ భారం కూడా వాడి మీదే పడుతుంది. అలాగే ఆదివారం రానంటే బతిమాలకు, అట్టు పోసి మూత పెట్టి నువ్వు వెళ్ళిరా.

మీ పెదనాన్న నాలుగేళ్ళు మాట్లాడలేదు మా వాడితో. ఒకసారి వాడికి జ్వరమొస్తే చెప్పకుండా సియాటిల్ విమానమెక్కేశారు, వాడితో ఉండే అబ్బాయి తలుపు తీస్తే ఈయన ఏమనాలో తెలియక "రసం పెట్టడం వచ్చా నీకు?" అన్నారట. ఇప్పుడు ఆ అబ్బాయికి చారు పొడి పార్సెల్ పంపేది ఈయనే. మీ ఆయనకి కూడా టైమ్ ఇవ్వు, కానీ వాడి ముందు నోరు జారనివ్వకు.

మీ పెదనాన్నకి ఎందుకు చెప్పలేదంటే, నువ్వు నాకు చెప్తున్నట్టు వాడికి తెలుసో లేదో నీ మెసేజ్‌లో లేదు. తెలియకపోతే ఇవాళే చెప్పు, "పెద్దమ్మకి చెప్పేశాను, తప్పైపోయింది" అను. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఫోన్ చెయ్యండి, మీకు ఉదయం తొమ్మిదప్పుడు నేను మెలకువగానే ఉంటా. వాడొక్కడే చేసినా సరే.

పెద్దమ్మ