ఆ మూడు కాయల దగ్గర ఆపు

కావలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. గూడూరు నిమ్మకాయల మార్కెట్టు, బస్తాకి ఇంత అని తరుగు కోసేసే గుమాస్తా, నోరెత్తలేని రైతు, అన్నీ చూసింది చూసినట్టు రాశావు. ఒక చోట నా కళ్ళు ఆగిపోయాయి. తూకం అయ్యాక ఆ రైతు వంగి, కాటా కింద దొర్లిన మూడు కాయలు ఏరి, తువ్వాలుతో తుడిచి, షావుకారు కుప్పలోనే వేస్తాడు. గుమాస్తా పుస్తకంలోకి తల దించుకుంటాడు. చదువుతుంటే గొంతు పట్టేసింది. తీరా పేజీ తిప్పితే, నిజాయితీపరుడికి ఎప్పటికైనా మేలే జరుగుతుందని, మోసగాడు చెడక తప్పదని ఒక పేరా. ఆ పేరా తీసెయ్ తల్లీ.

నీతి వద్దని కాదు. పంచతంత్రం నిండా నీతులే కదా, వాళ్ళకి లేని తప్పు నాకేంటి అని నువ్వే ఉత్తరంలో అడిగావు. మంచి ప్రశ్న. పంచతంత్ర కథలతో చిన్నయసూరి 1853లో వేసిన నీతిచంద్రిక తీసి, అందులో మిత్రభేదం అనే భాగం మళ్ళీ చదువు. అందులో మంచి మాటలు ఎవరి నోట వస్తున్నాయో చూడు. సింహానికీ ఎద్దుకీ మధ్య చిచ్చు పెట్టే దమనకుడనే నక్క నోట. రాజు ఎలా ఉండాలి, సేవకుడు ఎలా ఉండాలి, స్నేహితుడు ఎలా ఉండాలి, అన్నీ చెప్తాడు. ఒక్కో మాట విడిగా చూస్తే గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. అంత మంచి మాటలతోనే ఒక స్నేహాన్ని చంపేస్తాడు. నీతివాక్యం వేరు, కథలో ఉన్న నీతి వేరు అని నాకు నేర్పింది ఆ నక్కే. నీ చివరి పేరా దమనకుడు కూడా చెప్పగలడు. ఆ మూడు కాయలు మాత్రం వాడు వెనక్కి వెయ్యలేడు.

మన నెల్లూరు తిక్కన తెలుగు చేసిన అశ్వమేధపర్వంలో ముంగిస కథ ఉంది. ధర్మరాజు యాగం ముగిసింది, అందరూ ఆహా ఓహో అంటున్నారు. సగం ఒళ్ళు బంగారంగా మెరుస్తున్న ఒక ముంగిస వచ్చింది. గింజలేరుకుని బతికే ఒక పేద కుటుంబం తమ ఆకలి దాచుకుని, ఉన్న కాస్త పిండీ అతిథికి పెట్టేసిందట. ఆ రాలిన పిండిలో పొర్లితే ఇదిగో ఈ సగం బంగారమైంది. మిగతా సగం కోసం యాగాలన్నీ తిరుగుతోంది. ఇక్కడా పొర్లింది. ఒక్క వెంట్రుక కూడా మారలేదు. దానం గురించి ఆ పర్వంలో ఎంత చర్చ ఉన్నా, నాకు గుర్తుండేది మాత్రం అటు బంగారం, ఇటు మామూలు బొచ్చు ఉన్న ఆ ఒళ్ళే.

నీతిని పైకి చెప్పిన కథలూ ఉన్నాయి. ఎప్పుడు చెప్పారో చూడాలి. బైబిల్లో దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్యని తీసుకుని, అతన్ని యుద్ధంలో చనిపోయేలా చేశాడు. నాతాను ప్రవక్త వచ్చి రాజుని తిట్టలేదు. ఒక బీదవాడు ఒక్కగానొక్క ఆడ గొర్రెపిల్లని బిడ్డలా పెంచుకుంటే, పక్కనున్న ధనవంతుడు తన మందని ముట్టకుండా దాన్నే లాక్కుని అతిథికి వండిపెట్టాడని కథ చెప్పాడు. రాజుకి ఒళ్ళు మండింది. వాడు చావాల్సిందేనని తీర్పు చెప్పేశాడు. ఆ మనిషివి నువ్వేనని నాతాను అన్నది ఆ తర్వాతే. తీర్పు రాజు నోటి నుంచి వచ్చేదాకా ఆగాడు. నువ్వు ఆగలేదు. పాఠకుడు ఇంకా తల దించుకున్న గుమాస్తా దగ్గరే ఉంటే, నువ్వు తీర్పు చదివేశావు.

బుద్ధుడు కిసాగోతమికి పుట్టినవాళ్ళంతా పోక తప్పదని చెప్పేసి ఊరుకోవచ్చు. బిడ్డ శవాన్ని చంకనేసుకున్న తల్లికి ఆ మాట ఎక్కదు. చావు ఎరగని ఇంటి నుంచి చిటికెడు ఆవాలు తెమ్మన్నాడు. గడప గడపకీ తిరిగి ఆమే తెలుసుకుంది.

ఇంకొకటి గమనించు. ఏనుగుని తడిమిన గుడ్డివాళ్ళ కథ బౌద్ధుల దగ్గర మతాల వాళ్ళ పోట్లాట గురించి. జైనులు దాన్ని అనేకాంతవాదానికి, అంటే సత్యానికి చాలా వైపులుంటాయన్న మాటకి చెప్తారు. పారశీక సూఫీ కవి రూమీ దగ్గర గుడ్డివాళ్ళే లేరు, చీకటి గదిలో ఏనుగు ఉంది, దీపం ఉంటే గొడవే ఉండదంటాడు. నీతిని ముడేసి బిగించి ఉంటే ఆ కథ ఇన్ని ఇళ్ళకి చుట్టమయ్యేది కాదు.

ఇక నేను కళ్ళారా చూసింది చెప్తాను. మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో నేను కలిగిరి వైపు ఒక పల్లెలో రాత్రిబడి వాలంటీరుని. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, మొగుడి సారా వల్ల చితికిపోయిన ఆడమనిషి కథ. లాంతరు వెలుగులో ఒకామె అక్షరాల కింద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతోంది. 'సారా' అన్న మాట దగ్గర వేలు ఆగింది. ఎంతసేపటికీ కదల్లేదు. "ఇది మా ఇంటి సంగతే గదయ్యా, మీకెవరు చెప్పారు?" అంది. పక్కనున్నామె పలకని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. నీతి ఏంటని నన్ను ఎవరూ అడగలేదు.

మన జిల్లా దూబగుంటలో రోసమ్మా, తక్కిన ఆడవాళ్ళూ ఏకమై సారా కొట్టు మూయించడం, ఆ నిప్పు 1992లో ఊరూరికీ పాకడం నీకు తెలిసిందే. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది. పాఠం ఒక్కటే ఇదంతా చేసిందని నేను అనను. ఆకలీ దెబ్బలూ ఆ ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. ఎవరికి వాళ్ళు కడుపులో దాచుకున్నది అందరిదీ ఒకటే అని ఆ రాత్రుళ్ళు తెలిసింది. (దూబగుంట పేరే ఇంటిపేరైన నారాయణ కవి 15వ శతాబ్దంలో పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. ఈ రెండూ కలిపి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.)

ఆ పేరా తీసేస్తే కథ అర్ధంతరంగా ఆగినట్టుంటుందని నీకు టెన్షన్ పట్టుకుంటుంది. ఒక పని చెయ్. కందుకూరులో మీ నాయనమ్మ ఉంది కదా, సందేళ ఆమె తీరిగ్గా కూర్చున్నప్పుడు మూడు కాయల దాకా చదివి ఆపు. ఆమె ఏమంటుందో, అసలేమీ అనకుండా ఏం చేస్తుందో చూసి రాసుకో. ఆదివారం వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా.

నీ మాస్టారు